ముందు నా చేతికి

ఫోన్ వచ్చినప్పుడు నేను మానేసర్‌లో, కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ఉన్నాను. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, స్పిరిట్ దూదితో ముంజేతిని రుద్దుకుంటున్నాను. ఒక లైన్ మనుషులంతా చుట్టూ నిలబడి, ఈయనగారు తనకి తాను సూది పొడుచుకుంటాడేమోనని చూస్తున్నారు. ఫోన్ చేసింది మా మేడం వాళ్ళ అక్క కూతురు. దిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు చెబితే అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది.

"భయ్యా, మౌసీ నహీ రహీ," అంది. పిన్ని ఇక లేదని.

అది నాకు తెలియని వార్త కాదు. ఎప్పుడో ఒక రోజు ఇలాంటి ఫోన్ వస్తుందని చాలా కాలంగా తెలుసు. ఏం మాట్లాడాలో కూడా లోపల్లోపల అనుకుని పెట్టుకున్నాను. తీరా వచ్చేసరికి అందులో ఒక్క మాటా గుర్తు రాలేదు. చేతిలో దూది కింద పడింది. ఎదురుచూస్తున్న చావు కూడా ఇంత దెబ్బ కొడుతుందని నేననుకోలేదు. ఎదురుగా ఉన్నాయన "క్యా హువా సాబ్?" అన్నాడు. మా టీచర్ పోయిందని చెప్పాను. ఆవిడ నాకు ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ఇంకే మాట చెబితే వాళ్ళకి అర్థమవుతుందో తోచలేదు.

మేడం చేసే పని ఏమిటో మా ఊళ్ళో అమ్మకి చెప్పడానికి నేను నానా తంటాలు పడ్డాను. పని చేసేటప్పుడు మనిషి ఒంట్లో ఏ కండ ఎంత కష్టపడుతోందో కొలుస్తుందమ్మా అంటే, "దానికి కొలిచేదేమున్నదిరా, అడిగితే వాళ్ళే చెప్తరు గదా" అనేది. అడిగితే చెప్పరు. అసలు వాళ్ళకే తెలియదు. అందుకని చర్మం మీద చిన్న ప్యాడ్లు అంటించి, వాటికి తీగలు తగిలించి, అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన ఒక పెట్టెకి కలిపితే, కండ చేసే గోలంతా కంప్యూటర్ తెర మీద గీతగా వస్తుంది. బిగిస్తే గీత లేస్తుంది, వదిలేస్తే పడుకుంటుంది. ఎవరి భుజం రోజంతా పడుకోవడం లేదో చూసి, వాళ్ళ బల్ల ఎత్తు మార్పించడం, స్టూలు మార్పించడం, మధ్యలో కాస్త విరామం ఇప్పించడం మా పని.

జన్మంతా మనుషుల కండరాల మాట విన్న ఆ మనిషిని కండరాలే ఒక్కొక్కటిగా వదిలేసి పోయాయి. నరాలు వాటితో మాట్లాడటం మానేసే జబ్బు అది. మందు లేదు. మొదట ఆవిడ కుడిచేతిలో మొదలైంది. నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వని సంగతి ఏమిటంటే, ఆ కుడిచెయ్యి రోజూ మా మిషన్ మీదే ఉండేది. ఆ గీత చెడిపోవడం మేమందరం కళ్ళారా చూశాం. చూసి, మిషన్‌ని తిట్టాం.

ఆవిడ నాకు పరిచయమైన తీరు కూడా ఒక షాకే. నేను హనుమకొండలో ఫిజియోథెరపీ చదివి, ఆ చదువు నచ్చక, కలెక్టర్ అయిపోదామని దిల్లీ వచ్చి కరోల్ బాగ్‌లో కోచింగ్‌లో చేరిన రోజులవి. ఆదివారం వస్తే అన్నం కోసం అశోకా రోడ్‌లో మన తెలుగు భోజనం పెట్టే క్యాంటీన్ దాకా పోయేవాణ్ణి. అక్కడ భోజనానికి ఎంత రద్దీ అంటే, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఒకే బల్ల పంచుకోవాలి. ఒకరోజు నా ఎదురుగా ఒకావిడ కూర్చుంది. యాభై దాటి ఉంటుంది, నూలు చీర, కళ్ళజోడు తలమీద. పప్పు కలుపుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. నాకు చిరాకేసింది.

"ఏమప్పా, సాయంత్రమయితే మెడకాయ ఎడమ పక్క పట్టేస్తాందా?" అంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పట్టేస్తున్న మాట నిజం. నా రూమ్మేట్‌కి కూడా చెప్పలేదు. జాతకాలు చెప్పే మనిషేమో అనుకున్నాను. మీకెట్ల తెలుసని అడిగితే, నువ్వు గుమ్మంలోంచి నడిచొచ్చినప్పుడే చూశాను, సంచీ లేకపోయినా ఎడమ భుజం ఇంకా సంచీ మోస్తోంది అంది. తర్వాత నేనేం చదివానో అడిగింది. ఫిజియోథెరపీ అనగానే, మరి నీ భుజం సంగతి నీకే తెలియకపోతే ఎట్లప్పా అని, మజ్జిగ తాగి లేచిపోయింది. పోతూ పోతూ ఒక కార్డు నా విస్తరి పక్కన పెట్టింది. కలెక్టర్ అయ్యే యోగం నాకు ఎలాగూ లేదని రెండో ఏటికి తేలిపోయింది. ఆ కార్డు మాత్రం పర్సులో ఉంది. దాని మీది నంబరుకి ఫోన్ చేసి ఆవిడ దగ్గర పనికి చేరాను.

ఆవిడది అనంతపురం వైపు. దిల్లీలో సగం జీవితం గడిచినా ఆ యాస ఇసుమంత తగ్గలేదు, హిందీ కూడా అదే యాసలో మాట్లాడేది. "ముఝే" అనడం ఆవిడకి రాదు. "మేరేకో, తేరేకో" అనేది. గుర్గావ్ ఆఫీసుల్లో సూటు వేసుకున్నవాళ్ళు నవ్వు ఆపుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఆవిడా చూసేది. పట్టించుకునేది కాదు.

ఆవిడతో మెట్రోలో ప్రయాణం అంటే నాకు భయం. ఫోన్‌లోకి తల వాల్చి నిలబడ్డ ఏ కుర్రాడి మెడ మీదో ఆవిడ చూపు పడుతుంది. రెండు స్టేషన్లు ఓపిక పడుతుంది. మూడో స్టేషన్‌లో లేచి వెళ్ళి వాడి గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తుతుంది. వాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. నేను అటు తిరిగి, ఈ మనిషితో నాకేం సంబంధం లేనట్టు తలుపుమీది మ్యాపు చదివేవాణ్ణి. పెళ్ళికి పోతే పెళ్ళికొడుకుని చూడదు, ఢోలు వాయించేవాడి నడుము చూస్తుంది. మంగలి షాపు ముందు ఆగిపోయి, ఆయన చెయ్యి భుజం కంటే ఎంత పైకి లేస్తోందో చూస్తూ నిలబడుతుంది. లోపలివాళ్ళు ఏం కావాలమ్మా అని అడిగేదాకా కదలదు.

ఆఫీసు గోడల మీద నిటారుగా కూర్చున్న బొమ్మ పెట్టి "సరైన భంగిమ" అని రాస్తారు చూడండి, అదంటే ఆవిడకి ఒళ్ళుమంట. "ఈ మనిషికి పానం లేదప్పా, అందుకే ఇంత చక్కగా కూచున్నాడు" అనేది. ఆవిడ మాత్రం కుర్చీలో కాళ్ళు పైకి మడుచుకుని, లాప్‌టాప్ మీదికి ఒరిగిపోయి పనిచేసేది. మేడం, మీరే ఇట్లా కూర్చుంటే ఎట్లా అని ఒకసారి పట్టుకున్నాను. నేను కాసేపటికి ఇంకో రకంగా మారతాను, నువ్వు మారవు, తేడా అంతే అంది. నిజంగానే మారేది. ఒక పూటలో కుర్చీ, కింద చాప, కిటికీ గట్టు, అన్నీ అయ్యేవి.

గుర్గావ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో జరిగింది చెప్పాలి. అక్కడ మన గుంటూరు కుర్రాడు ఒకడు టీమ్ లీడ్. కుర్చీ చాలా ఖరీదైనది, దాని మీటలు ఎన్ని ఉన్నాయో అతనికే తెలియదు. భుజానికి ప్యాడ్లు పెట్టి మేడం అతన్ని కళ్ళు మూసుకోమంది. "ఇప్పుడు గమ్మునుండు" అంది.

ఈ గమ్మునుండు అనేది ఆవిడ మంత్రం. ఏ కొలతకైనా ముందు కండ ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు గీత ఎలా ఉందో చూడాలి. బీహార్ వాళ్ళకీ, హర్యానా వాళ్ళకీ, బెంగాలీలకీ ఆ తెలుగు ముక్కే చెప్పేది. విచిత్రం ఏమిటంటే వాళ్ళకి అర్థమయ్యేది. కానీ ఆ గుంటూరు కుర్రాడి భుజం మాత్రం గమ్మున లేదు. కళ్ళు మూసుకున్నాడు, ఊపిరి వదిలాడు, గీత సన్నగా వణుకుతూనే ఉంది. ఇంతలో బల్ల మీద ఫోన్‌కి మెసేజ్ వచ్చిన చప్పుడైంది. అతను కళ్ళు తెరవకముందే గీత నిట్టనిలువుగా లేచింది. మేడం ఆ గీతని అతనికి చూపించింది. నువ్వు చూడకముందే నీ భుజం మెసేజ్ చదివేసిందప్పా అంది. ఆ అబ్బాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, నాకేమన్నా జబ్బా బ్రదర్ అని గుసగుసగా అడిగాడు. జబ్బు కాదు, ఉద్యోగం అని చెప్పాను. అప్పట్లో అలాంటి జోకులు వేయడం నాకు తేలిక.

ఫ్యాక్టరీల్లో సంగతి వేరు. అక్కడ తీగలు చూడగానే మనుషులు వెనక్కి జరుగుతారు. కరెంటు కొడుతుందని కొందరి భయం. ఎవరు మెల్లగా పనిచేస్తున్నారో పట్టుకుని యజమానికి చెప్పే మిషన్ అని ఇంకొందరి అనుమానం. పేపర్ మీద సంతకాలు తీసుకోవడం, వివరించడం అన్నీ మేం చేస్తాం, కానీ భయం సంతకంతో పోదు. అందుకని మేడం ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరికి తీగ తగిలించాలన్నా ముందు ఆవిడ వాళ్ళ పక్కన, వాళ్ళ స్టూలు మీదే కూర్చుని, తన కుడిచెయ్యి చాపేది.

"దేఖో బెహన్, పహ్లే మేరేకో," అనేది. "ముందు నా చేతికి."

నేను ఆవిడ ముంజేతిని తుడిచి ప్యాడ్లు అంటించేవాణ్ణి. గీత పడుకునేది. పిడికిలి బిగించేది, గీత లేచేది. మళ్ళీ వదిలేది. చూస్తున్న ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకరిద్దరు, నాది ఇంకా ఎత్తు లేస్తుంది చూడు అని ముందుకొచ్చేవాళ్ళు. వేరే సంస్థల వాళ్ళు ఇలా చెయ్యరు, ఇదంతా టైమ్ దండగ అంటారు. మా దగ్గర మాత్రం ఏ ఫ్యాక్టరీలోనైనా, ఏ రోజైనా, మొదటి గీత మేడం చేతిదే. తీసేటప్పుడు కూడా ఆవిడకి ఒక లెక్కుంది. ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టుకుని, రెండో చేత్తో మెల్లిగా ఒలవాలి. చర్రున లాగితే నాకు తిట్లు పడేవి.

అలా కొన్నేళ్ళు గడిచాక, ఒక చలికాలంలో ఆవిడ గీత పొట్టిదైంది.

పిడికిలి బిగిస్తే ఇదివరకు తెర పైఅంచు దాకా పోయేది, సగం దాకా వచ్చి ఆగిపోతోంది. మా పనిలో గీత సరిగా రాకపోతే అనుమానించడానికి ఒక వరస ఉంది. ముందు చర్మం, తర్వాత ప్యాడ్, తర్వాత తీగ, తర్వాత పెట్టె, చివరికి గోడలో కరెంటు. మనిషి ఆ వరసలో లేడు. ఆ వరస మాకు నేర్పింది మేడమే. కొత్తలో ఒక కార్మికుడి గీత రాకపోతే, ఈయన సరిగ్గా బిగించడం లేదు మేడం అని నేను నోరు జారాను. అందరి ముందూ నన్ను కడిగేసింది. గీత వంకరగా వస్తే తప్పు మన సామానుది, ఆయనది ఎట్లయితాది అంది. అప్పట్నుంచి మేం మనిషిని అనుమానించడం మానేశాం. ఆవిడ ఎదుటివాళ్ళకి ఇచ్చిన ఆ మర్యాదే ఆవిడ జబ్బుని మా కళ్ళ ముందు దాచిపెట్టింది.

దిల్లీ చలికి చర్మం ఎండిపోయిందన్నాం. కొబ్బరినూనె రాసుకోకండి మేడం అన్నాను. ప్యాడ్ల డబ్బా పాతదన్నాం. కొత్త డబ్బా తెప్పించాం. ఆ కొత్త ప్యాడ్లు తీసుకెళ్ళి కార్మికులకి పెడితే గీతలు చక్కగా వచ్చేవి. చూశారా, కొత్తవి బాగా పనిచేస్తున్నాయని మురిసిపోయాం. మర్నాడు మళ్ళీ మేడం చేతికి పెట్టేసరికి పొట్టి గీత. ఇదేం పాడు డబ్బా అని అమ్మినవాడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం ఆయన సారీ చెప్పి ఇంకో డబ్బా పంపించాడు.

ఎండలు ముదిరేసరికి ఇంకోటి మొదలైంది. ఆవిడ చేతిని బల్ల మీద ఊరికే పెట్టి, గమ్మునుండు అని తనకు తనే చెప్పుకున్నా, గీత గమ్మునుండటం లేదు. మధ్యమధ్య చిటుక్కుమని లేచి పడుతోంది. అప్పుడు మేం నోయిడాలో ఒక బట్టల ఫ్యాక్టరీలో, కుట్టుమిషన్ల మీద పనిచేసే ఆడవాళ్ళ భుజాలు కొలుస్తున్నాం. అన్ని మోటార్లు తిరుగుతున్న చోట కరెంటు గోల ఉండదా అనుకున్నాం. ఎర్తింగ్ సరిగా లేదని నేను తీర్పు చెప్పేశాను. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గులన్నీ ఊడదీసి చూశాడు. అంతా బాగుందన్నాడు. బాగుంటే ఈ చిటుకులెక్కడివి అని నేను ఆయనతో పోట్లాడాను. బల్ల ఇటు జరిపాం, అటు జరిపాం, ఒక వరస ఫ్యాన్లు ఆపించాం. ఆడవాళ్ళు చెమటలు కక్కుతూ మమ్మల్ని తిట్టుకున్నారు. ఇంత హంగామాలో మేడం మాత్రం పెద్దగా మాట్లాడేది కాదు. అప్పటికే టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. హ్యాండ్‌బ్యాగు ఎడమ భుజానికి మారింది. డబ్బా మూత రాక నా ముందుకి తోసేది. వయసైపోతోంది మేడం అని నేను ఏడిపించేవాణ్ణి, ఆవిడ నవ్వేది.

ఒక రోజు భోజనాల తర్వాత, మొదటి వరస ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఉన్నారు. పద్ధతి ప్రకారం మేడం చెయ్యి చాపింది. ప్యాడ్లు పెట్టాను. గీత చిటుక్కు, చిటుక్కుమంది. నేను అలవాటుగా ఫ్యాన్ ఆపించబోయాను. ఆవిడ వద్దంది.

"అదే డబ్బాలోటివి, అవే తీగలు, అదే పెట్టె," అంది. "ఈసారి నీ చేతికి పెట్టుకో అప్పా. ఈడనే, ఈ స్టూలు మీదనే కూచో."

అన్నేళ్ళలో నాకు ఎప్పుడూ పెట్టలేదు. నాకు సరదా వేసింది. కూర్చున్నాను. ప్యాడ్లు ఆవిడే అంటించింది, ఎడమచేత్తో. వేళ్ళు చల్లగా ఉన్నాయి. గమ్మునుండు అంది. నేను చెయ్యి వదిలేశాను. తెర మీద గీత చప్పుడు చేయకుండా పడుకుంది. ఒక్క చిటుకు లేదు. చుట్టూ మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు నీ బలమంతా పెట్టి బిగించు అంది. బిగించాను. గీత తెర పైఅంచుకి తగిలింది.

నాకు పట్టలేనంత ఆనందం వచ్చింది. ఇన్ని నెలల చిక్కు విడిపోయిందనిపించింది. "మేడం, చూడున్రి, మిషన్ మస్తుగున్నది," అని గట్టిగా అన్నాను. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ ఆవిడ వైపు తిరిగాను.

ఆవిడ తెర వైపు చూడటం లేదు. నా చెయ్యి చూస్తోంది. మిషన్ బాగుంటే మరి ఏది బాగాలేదు అన్న ప్రశ్న అప్పుడు, నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే నాకు తట్టింది. నేను చదివిన చదువు, అందులో ఆ జబ్బు గురించి ఉన్న పేజీ, చిటుకులంటే ఏమిటో, గీత పొట్టిదవడం అంటే ఏమిటో, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. పరీక్షకి బట్టీపట్టిన పేజీ అది.

"నీ చెయ్యి బాగుందప్పా," అంది మేడం. "సంతోషం."

నా ప్యాడ్లు ఆవిడే ఒలిచింది, చర్మాన్ని నొక్కి పట్టుకుని, మెల్లిగా. తర్వాత ఆ ఆడవాళ్ళలో మొదటి మనిషిని పిలిచింది. సాయంత్రం దాకా అందరి భుజాలూ కొలిచాం. కారులో తిరిగి వచ్చేటప్పుడు ఆ ఫ్యాక్టరీలో స్టూళ్ళు పొట్టిగా ఉన్నాయని, మేనేజర్‌తో ఎలా మాట్లాడాలని చెబుతూనే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఊ కొట్టాను. దిగేటప్పుడు, రేపు డాక్టర్ దగ్గరికి పోతాను, పని నువ్వొక్కడివే చూసుకో అంది. ఆ రోజే ఆవిడకీ తెలిసిందని, నాతోపాటే తెలిసిందని నేను నమ్మాను. ఇన్నాళ్ళూ అలాగే నమ్ముతూ వచ్చాను.

తర్వాతి రోజులు త్వరగా గడిచాయి. కుడిచెయ్యి తర్వాత ఎడమచెయ్యి. కాళ్ళు. వసంత్ కుంజ్‌లో ఆవిడ ఉండే అక్క కూతురి ఇంట్లోనే, ముందుగదిలో మంచం వేశారు. నేను వీలైనప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. చేతులు రెండూ దిండు మీద పెట్టి ఉండేవి, ఎవరో అక్కడ మరిచిపోయి వెళ్ళినట్టు. ఆ స్థితిలోనూ ఆవిడ చూపు మారలేదు. తనని లేపి కూర్చోబెట్టే ఆయాకి రోజూ పాఠమే. నడుము వంచొద్దు, మోకాళ్ళు వంచు, నన్ను నీ ఒంటికి దగ్గరగా పట్టుకో, నీ నడుము పోతే నన్నెవరు లేపుతారు అని. ఆయా మొదట్లో విసుక్కునేది. తర్వాత తర్వాత, మంచం దగ్గరికి వస్తూనే మోకాళ్ళు వంచేది.

మాట ముద్దయిపోయాక ఒకరోజు నన్ను దగ్గరికి రమ్మని కళ్ళతో పిలిచింది. చెవి పెట్టి విన్నాను. "ముందు నీకే పెట్టుకుంటాండావా?" అని అడుగుతోంది. పెట్టుకుంటున్నాను మేడం అన్నాను. గీత ఎట్ల ఉందని అడిగింది. బాగుందన్నాను. ఆవిడ నా మొహం చూడలేదు, నా ముంజేతిని చూసింది. ప్రతిసారీ ఇదే అడిగేది. పని గురించిన చాదస్తం అనుకున్నాను.

ఫోన్ వచ్చిన సాయంత్రం మానేసర్ నుంచి నేరుగా వసంత్ కుంజ్ వెళ్ళాను. జరగాల్సినవి జరిగాయి. వాటి గురించి రాయను. మూడు నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వెళితే ముందుగదిలో మంచం తీసేశారు. ఆ పిల్ల టీ పెట్టింది. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి నేను నోయిడా ఫ్యాక్టరీ రోజు గురించి ఎత్తాను. ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు మా ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది, ఆవిడ ఎంత నిబ్బరంగా ఉందో నువ్వు చూడాల్సింది అన్నాను.

ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి నా వైపు వింతగా చూసింది. మౌసీకి అంతకు ముందు వారమే తెలుసు భయ్యా అంది. ఆసుపత్రికి తనే తీసుకెళ్ళిందట. డాక్టర్ సూదులు గుచ్చి కొలిచి, జబ్బు పేరు చెప్పి, ఎంత కాలం ఉంటుందో కూడా చెప్పాడట. మౌసీ ఒప్పుకోలేదట. వాళ్ళ మిషన్ ఎవరు చూశారు, నా మిషన్ మీద ఇంకో మనిషి చెయ్యి పెట్టి చూసుకుంటాను, దానికీ ఇట్లనే వస్తే నాకేం లేనట్టే కదా అని వారమంతా అదే మాట అందట.

గీతతో వాదించొద్దని మేనేజర్ల మొహం మీద చెప్పే మనిషి, సామాను చెడిపోయి ఉండాలని కోరుకుందన్నమాట. నేను చెయ్యి చాపి కూర్చున్నప్పుడు ఆవిడ ప్రాణం మొత్తం నా చేతి మీద పెట్టుకుని నిలబడింది. నేను మస్తుగున్నది అని అరిచాను. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ పిల్ల ఇంకా చెబుతోంది. ఆ రోజు పొద్దున బయలుదేరే ముందు దేవుడి పటం దగ్గర నిలబడిందట. ఆ అబ్బాయి చేతిలో కూడా చిటుకులు రావాలి స్వామీ అని పైకే దండం పెట్టుకుందట. ఆ మొక్కుకి ఏం కోపం వస్తుంది. నాకు రాలేదు. నా కుడిచెయ్యి మాత్రం నా ఒడిలో నాది కానట్టు అనిపించింది.

మరి సాయంత్రం ఇంటికొచ్చి ఏమంది అని అడిగాను.

చెప్పులు కూడా విప్పలేదు భయ్యా, గుమ్మంలోనే నిలబడిపోయింది అంది. పొద్దున తను ఏం మొక్కుకుందో నోయిడా పోయే కారులో కూర్చున్నాక అర్థమైందట, దారి పొడుగునా వణికిపోయిందట, మిషన్ బాగానే ఉండి ఆ మొక్కు ఫలిస్తే ఆ పిల్లాడి గతేమిటని.

"'పిల్లోని చెయ్యి బాగుంది మే, సల్లగుండాల' అని ఏడ్చేసింది," అంది. "తన చెయ్యి సంగతి నేను అడిగేదాకా చెప్పలేదు."